క్రాంకు పుల్లీకి ఒక చీల

ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే సూపర్‌చార్జర్ బిగించిన కారును యజమానికి అప్పగించే ముందు పని తెలిసిన మెకానిక్కు ఒక చిన్న పని చేస్తాడు. ఇంజిన్ ముందు భాగంలో అడుగున ఉండే క్రాంకు పుల్లీ దగ్గరికి వంగి, నడిమి బోల్టు తల మీద మొదలుపెట్టి, హబ్బు మీదుగా పుల్లీ అంచు దాకా తెల్ల పెయింటుతో ఒకే గీత గీస్తాడు. ఒకటో సిలిండరు పిస్టన్ సరిగ్గా పైకొసకు వచ్చినప్పుడు, పుల్లీ అంచు మీద, దానికి ఎదురుగా టైమింగ్ కవరు మీద ఇంకో గుర్తు పెడతాడు. నెల తిరిగాక కారు మళ్ళీ వస్తే టార్చి వేసి చూడ్డమే. బోల్టు దగ్గర గీత విరిగితే బిగుతు సడలింది. అంచు దగ్గర విరిగితే హబ్బుకూ బయటి రింగుకూ నడుమ ఉన్న రబ్బరు ఊడింది. గీత చెక్కుచెదరకుండా ఉండి, పిస్టన్‌ను మళ్ళీ పైకొసకు తెచ్చినప్పుడు కవరు మీది గుర్తు మాత్రం తప్పితే అసలు ప్రమాదం అదే. పుల్లీ, బోల్టు రెండూ కలిసి క్రాంకుషాఫ్టు మీద జారాయన్నమాట.

ముసఫ్ఫాలో ఈ గీతలకు చాలా పని ఉంది. అబుధాబి దీవికి ఎదురుగా ప్రధాన భూభాగం మీద ఉన్న ఈ పారిశ్రామిక వాడను అక్కడి కార్మికులు ‘సనయ్య’ అంటారు. ఎం అక్షరం పక్కన ఒక అంకె చేర్చి పిలిచే సెక్టార్ల నిండా గ్యారేజీలు, లేత్ షాపులు, విడిభాగాల దుకాణాలు. ఎమిరేట్స్‌లో పెద్ద వీ8 ఇంజిన్ల మీద మోజు చిన్నది కాదు. కమారో, కార్వెట్, చాలెంజర్, మస్టాంగ్ కార్లు అక్కడి రోడ్ల మీద మామూలు దృశ్యం. 2009లో ఫార్ములా వన్ పందెంతో మొదలైన యాస్ మరీనా సర్క్యూట్ అరగంట దూరం. అక్కడ డ్రాగ్ స్ట్రిప్ కూడా ఉంది. దక్షిణాన లివా ఎడారిలో సుమారు 300 మీటర్ల ఎత్తున్న తల్ మురీబ్ ఇసుక తిన్నెను బండ్లతో ఎక్కే పోటీలు చూడ్డానికి జనం విరగబడతారు. ఇలాంటి చోట ఇంజిన్ శక్తి పెంచమని అడిగేవాళ్ళకు కొదవ ఉండదు. పెంచిన శక్తిని ఇంజిన్ ముందు కొసన ఏది పట్టి ఉంచుతోందని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ.

పట్టి ఉంచేది రాపిడి. చాలా ఇంజిన్లలో రాపిడి ఒక్కటే.

జనరల్ మోటార్స్ 1997 మోడల్ కార్వెట్‌తో తెచ్చిన ఎల్‌ఎస్ తరం ఇంజిన్లనే తీసుకుందాం. ముసఫ్ఫాలో షెవర్లే, జీఎంసీ, క్యాడిలాక్ బండ్ల బానెట్ ఎత్తితే ఎక్కువగా కనిపించేది ఈ వంశమే. వీటి క్రాంకుషాఫ్టు ముందు కొస ఒక నున్నటి ముక్కు. దాని మీద పుల్లీ హబ్బును బలంగా నొక్కి ఎక్కిస్తారు. హబ్బు రంధ్రం ముక్కు కన్నా ఓ వీసమెత్తు చిన్నది. ఆ తేడా అంగుళంలో వెయ్యో వంతు అటూ ఇటూ, అంటే తలవెంట్రుక మందంలో మూడో వంతు. ఎక్కించాక 16 మిల్లీమీటర్ల బోల్టుతో బిగిస్తారు. అంతే. పాత ఇంజిన్లలోలా ముక్కులో గాడి కోసి, హబ్బులో గాడి కోసి, రెంటి మధ్య ఉక్కు తాళం ముక్క, అదే ‘కీ’, పెట్టే ఏర్పాటు పుల్లీకి లేదు.

మన ఊళ్ళ కమ్మరికి ఈ కిటుకు బాగా తెలుసు. బండి చక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు దాన్ని చక్రం కన్నా కాస్త చిన్నదిగానే చుడతాడు. పిడకల మంటలో ఎర్రగా కాల్చి, ఉబ్బిన పట్టాను పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, చెంబులతో నీళ్ళు గుమ్మరిస్తాడు. ఆవిరి బుసబుసమని లేస్తుంటే పట్టా ముడుచుకుని కర్రను నొక్కి పట్టేస్తుంది. మేకు లేదు, జిగురు లేదు. ఆ పట్టు మీదే చక్రం ఏళ్ళ తరబడి రాళ్ళ బాటల్లో తిరుగుతుంది. ఇంజిన్ పుల్లీ ఎక్కించే మెకానిక్కులు కూడా హబ్బును ముందు వేడిచేస్తారు. అది ఉబ్బి ముక్కు మీదికి సులువుగా జారుతుంది, చల్లారాక పట్టేస్తుంది. సుత్తితో కొట్టి ఎక్కించేవాళ్ళు ఉన్నారు గానీ, ఆ దెబ్బలన్నీ వెళ్ళి తగిలేది క్రాంకుషాఫ్టు వెనక్కి జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగుకు. అది చేయరాని పని.

గాడి లేకపోవడం కంపెనీ నిర్లక్ష్యమేమీ కాదు. ఉక్కులో గాడి కోస్తే దాని మూలల్లో ఒత్తిడి పోగుపడుతుంది, పగులు మొదలయ్యేది అక్కడే. అసెంబ్లీ లైన్లో ఒక పని కూడా తగ్గుతుంది. కంపెనీ బిగించిన బెల్టు తిప్పేదల్లా నీటి పంపు, ఆల్టర్నేటర్, స్టీరింగ్ పంపు లాంటి చిన్నా చితకా యంత్రాలు. వాటికి రాపిడి పట్టు చాలు, మిగులు కూడా ఉంటుంది. చిక్కంతా అదే ముక్కు మీద సూపర్‌చార్జర్ భారం పెట్టినప్పుడే.

ఎంత భారం? డాడ్జ్ హెల్‌క్యాట్‌ను చూడండి. 2015 మోడల్‌గా వచ్చిన ఈ 6.2 లీటర్ల ఇంజిన్ శక్తి 707 హార్స్‌పవర్. దాని మీద కూర్చున్న 2.4 లీటర్ల సూపర్‌చార్జర్ తిరగడానికే ఇంజిన్ నుంచి 80 హార్స్‌పవర్ దాకా లాక్కుంటుంది. అంటే ఒక చిన్న కారు ఇంజిన్ మొత్తం శక్తి ఒక్క బెల్టు గుండా పోతోంది. నిమిషానికి 6,000 చుట్ల దగ్గర లెక్క కడితే క్రాంకు పుల్లీ మీద పడే మెలి సుమారు 95 న్యూటన్ మీటర్లు. వినడానికి ఇది పెద్దగా అనిపించదు, చక్రం నట్టు బిగించినంత. జారేది ఈ సగటు భారానికి కాదు. కుదుపులకు.

వీ8 ఇంజిన్ ఒక చుట్టులో నాలుగు సార్లు పేలుతుంది. 6,000 చుట్ల వేగంలో సెకనుకు 400 పేలుళ్ళు. ప్రతి పేలుడుకూ క్రాంకుషాఫ్టు కాస్త మెలితిరిగి, మళ్ళీ సర్దుకుంటుంది. ఆ వణుకును చంపడానికే పుల్లీలో రబ్బరు పట్టీ, దాని చుట్టూ బరువైన రింగు ఉంటాయి. అందుకే దాన్ని హార్మోనిక్ బ్యాలెన్సర్ అంటారు. ఆ బరువైన రింగు ప్రతి వణుకునూ ఎదిరిస్తుంది, ఆ ఎదురుబలం హబ్బు పట్టు మీదే పడుతుంది. దీనికి తోడు గేరు మార్పు. హెల్‌క్యాట్‌లో క్రాంకు ఒక చుట్టు తిరిగితే సూపర్‌చార్జర్ 2.36 చుట్లు తిరుగుతుంది, గరిష్ఠ వేగం నిమిషానికి 14,600 చుట్లు. డ్రాగ్ స్ట్రిప్ మీద గేరు మారగానే ఇంజిన్ వేగం రెప్పపాటులో పడిపోతుంది. సూపర్‌చార్జర్ లోపలి రోటర్లు మాత్రం ఆ ఊపులోనే తిరుగుతామంటాయి. వాటి జడత్వం క్రాంకు దగ్గరికి వచ్చేసరికి ఆ నిష్పత్తి వర్గమంత, అంటే అయిదున్నర రెట్లు బరువెక్కుతుంది. బూస్ట్, అంటే లోపలికి నెట్టే గాలి ఒత్తిడి, ఇంకా పెంచాలని క్రాంకు పుల్లీని పెద్దది చేసినా, సూపర్‌చార్జర్ పుల్లీని చిన్నది చేసినా నిష్పత్తి పెరుగుతుంది. దానితో పాటు ఈ కుదుపు వర్గం లెక్కన పెరుగుతుంది.

పట్టు ఒకసారి సడలితే సంగతి అక్కడితో ఆగదు, ఎందుకో చూడండి. ముందు నుంచి చూస్తే ఈ ఇంజిన్లు గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతాయి. బెల్టు భారానికి పుల్లీ క్రాంకు కన్నా వెనకబడుతుంది, అంటే క్రాంకుతో పోలిస్తే ఎదురు దిశలో జరుగుతుంది. బోల్టు తల దాన్ని ఆనుకునే ఉంటుంది కాబట్టి అదీ ఆ దిశలోనే లాగబడుతుంది. మామూలు మర ఆ దిశలో ఊడుతుంది! జారిన ప్రతిసారీ బోల్టు రవ్వంత వదులవుతుంది, వదులైన కొద్దీ ఇంకా జారుతుంది. రుద్దుకుని ముక్కు మీద గీతలు పడతాయి, రంధ్రం అరుగుతుంది, పుల్లీ ముందుకు నడుస్తూ ఊగడం మొదలెడుతుంది. మొదట కీచుమని శబ్దం, తర్వాత నల్లటి బెల్టు పొడి, ఆ తర్వాత తెగిన బెల్టు. ఆఖరికి క్రాంకుషాఫ్టే మార్చాల్సి వస్తే ఇంజిన్ మొత్తం దించాలి.

ఎల్‌ఎస్ యజమానులకు ఒక అదృష్టం ఉంది. టైమింగ్ గేరుకు దాని కీ దానికి ఉంది, క్రాంకు స్థానాన్ని కనిపెట్టే సెన్సరు చక్రం ఇంజిన్ వెనక భాగంలో ఉంది. పుల్లీ జారినా వాల్వుల లయ తప్పదు. బీఎండబ్ల్యూ 2014లో ఎం3, ఎం4 కార్లతో తెచ్చిన ఎస్55 ఇంజిన్‌కు ఆ అదృష్టం లేదు. దాంట్లో టైమింగ్ చైను పళ్ళచక్రాన్ని కూడా అదే నడిమి బోల్టు రాపిడితో పట్టి ఉంచుతుంది. శక్తి పెంచిన కార్లలో అది జారితే వాల్వులు తెరుచుకునే వేళ తప్పుతుంది, ఇంజిన్ తనంతట తాను శక్తి తగ్గించుకుంటుంది. మరీ ఎక్కువ జారితే పిస్టన్లు వాల్వులకు తగులుతాయి. సూపర్‌చార్జర్ లేని, టర్బోలతో నడిచే ఇంజిన్‌కే ఈ గతి పట్టిందంటే రాపిడి పట్టు ఎంత సున్నితమైన లెక్క మీద నిలబడుతుందో అర్థమవుతుంది.

నిజానికి ఈ పాఠం కొత్తది కాదు. రూట్స్ సోదరులు 1860లో అమెరికాలోని ఇండియానాలో పేటెంటు పొందిన గాలి యంత్రం మొదట కొలుములకు గాలి ఊదింది. ఆ వంశంలోదే జనరల్ మోటార్స్ 6-71 బ్లోయర్. ఒక్కొక్కటి 71 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ కోసం పుట్టింది కాబట్టి ఆ పేరు. లారీల ఇంజిన్ల మీంచి దాన్ని ఊడదీసి వీ8ల మీద పెట్టుకున్న హాట్‌రాడ్ కుర్రాళ్ళ చేతుల్లో క్రాంకు ముక్కులు విరిగాయి, కీలు నలిగాయి. 1955లో వచ్చిన షెవర్లే చిన్న వీ8కు ముక్కు మీద ఒక కీ ఉండేది. బ్లోయర్ పెట్టేవాళ్ళు ఎదురుగా రెండో గాడి కోయించి రెండు కీలు వేయడం నేర్చుకున్నారు. పెద్ద వీ8కు ఉన్నంత లావు ముక్కుతో క్రాంకుషాఫ్టులు చేయించుకున్నారు. అవసరం నేర్పిన చదువు అది.

క్రాంకుషాఫ్టు బయటికి తీయకుండా గాడి కోయడం కష్టం. దానికి బదులు ముసఫ్ఫా గ్యారేజీలు మొదలు అమెరికా వర్క్‌షాపుల దాకా చేసేది ‘పిన్నింగ్’. మన భాషలో చీల కొట్టడం. బండి ఇరుసు కొసన చక్రం ఊడిపోకుండా పెట్టే చీల అడ్డంగా ఉంటుంది. ఈ చీల ఇరుసు వెంట పొడుగునా దిగుతుంది, ఆపేది జారి తిరగడాన్ని.

పని ఎలా సాగుతుందో దగ్గరగా చూడాలి. ముందు రేడియేటర్, ఫ్యాన్లు దించి చోటు చేసుకుంటారు. నడిమి బోల్టు తీసి, ఆ మరలోనే ఒక గట్టి ఉక్కు గైడు బిగిస్తారు. దాని అంచున చిన్న రంధ్రం ఉంటుంది. అది సరిగ్గా ముక్కు, హబ్బు కలిసే గీత మీదికి వస్తుంది. డ్రిల్లు దిగితే సగం రంధ్రం క్రాంకులో, సగం హబ్బులో పడాలి. కోతనూనె చుక్కలు చుక్కలుగా వేస్తూ, రెండు మూడు మిల్లీమీటర్లకోసారి డ్రిల్లు బయటికి తీసి మెలికల పొట్టు తుడుస్తూ, మళ్ళీ దించుతారు. తొందరపడి నొక్కితే బిట్టు లోపలే విరుగుతుంది. గట్టి ఉక్కులో విరిగిన బిట్టును బయటికి తీయడం కన్నా పెద్ద నరకం ఆ గ్యారేజీలో ఇంకోటి ఉండదు. రంధ్రం ముందు కాస్త సన్నగా వేసి, తర్వాత రీమరుతో కచ్చితమైన కొలతకు తెస్తారు. పావు అంగుళం మందమున్న గట్టిపరచిన ఉక్కు పిన్నును అందులో దిగ్గొడతారు. మొదటి పిన్ను దిగాకే గైడు తిప్పి రెండో రంధ్రం.

ఇక్కడే చాలామంది తప్పే మెట్టు ఒకటుంది. పిన్ను కొస హబ్బు ముఖం కన్నా కాస్త లోపలే ఉండాలి. గోరంత బయటికి పొడుచుకొచ్చినా బోల్టు తల హబ్బును వదిలి పిన్ను మీద కూర్చుంటుంది. బోల్టు బిగిసినట్టే ఉంటుంది, హబ్బు మీద మాత్రం నొక్కుడు ఉండదు. పిన్ను పెట్టి మరీ పట్టు పోగొట్టుకున్నట్టు అవుతుంది. ఎందుకంటే పిన్ను రాపిడికి బదులు కాదు, తోడు. భారమంతా రాపిడే మోయాలి, అది ఓడే క్షణంలో పిన్ను అడ్డుపడాలి. అంగుళం లోతు దిగిన ఒక్క పిన్నునే తీసుకున్నా, 500 న్యూటన్ మీటర్ల కుదుపుకు దాని మీద పడే కోత ఒత్తిడి, అలాంటి ఉక్కు తట్టుకోగలిగిన దాంట్లో నాలుగో వంతు కూడా ఉండదు. వదులుగా ఉన్న హబ్బులో మాత్రం అదే పిన్ను సెకనుకు 400 సుత్తి దెబ్బలు తింటుంది. రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది.

అందుకే అన్నిటికన్నా ముందు బోల్టు. ఎల్‌ఎస్ ఇంజిన్లకు కంపెనీ చెప్పిన పద్ధతి ఓపికగా వినదగినది. ముందు పాత బోల్టుతోనే 330 న్యూటన్ మీటర్ల దాకా బిగించి హబ్బును పూర్తిగా కూర్చోబెట్టాలి. దాన్ని తీసేసి కొత్త బోల్టు వేసి 50 న్యూటన్ మీటర్లకు బిగించాలి. ఆ తర్వాత రెంచిలో అంకె చూడ్డం మానేసి, కోణం కొలిచి సరిగ్గా 140 డిగ్రీలు తిప్పాలి. కోణం ఎందుకు? టార్క్ రెంచి మీద పెట్టిన బలంలో సుమారు సగం బోల్టు తల కింది రాపిడికే పోతుంది, ఇంకో నలభై శాతం మరల్లో పోతుంది. నిజంగా నొక్కుడుగా మారేది పదో వంతు. మరలో కాస్త మట్టి ఉన్నా, కాస్త నూనె ఉన్నా ఆ పదో వంతు తారుమారవుతుంది. కోణం అలా మోసం చేయదు. ఆ బోల్టు ఒక చుట్టుకు రెండు మిల్లీమీటర్లు దిగుతుంది, కాబట్టి 140 డిగ్రీలకు సుమారు 0.78 మిల్లీమీటరు. అంత మేరా బోల్టు సాగి, స్ప్రింగులా హబ్బును నొక్కి పట్టాలి. ఒకసారి అలా సాగిన బోల్టు మళ్ళీ అంత నొక్కలేదు, అందుకే ప్రతిసారీ కొత్తది. గాలి గన్ను పెట్టి టర్రుమనిపించి ‘అయిపోయింది’ అనడం ఈ బోల్టు విషయంలో పని కాదు, జూదం.

రాపిడిని పెంచే ఇంకో ఉపాయం వజ్రం. నికెల్ పూతలో వజ్రపు నలుసులు పొదిగిన పల్చటి ఉక్కు రేకును రెండు ముఖాల మధ్య పెడితే, బిగించినప్పుడు ఆ నలుసులు రెండు వైపులా గుచ్చుకుంటాయి. పట్టు మామూలు ఉక్కు మీద ఉక్కు కన్నా కొన్ని రెట్లు పెరుగుతుంది. ఎస్55 ఇంజిన్‌లో కంపెనీయే ఇలాంటి రేకులు వాడింది. అయినా కొన్ని జారాయి.

ముసఫ్ఫా వేడి సంగతి వేరే చెప్పాలి. వేసవిలో నీడలోనే 45 డిగ్రీలు దాటే ఊరది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఆరుబయట ఎండలో పనిచేయించడం అక్కడ చట్టవిరుద్ధం. ఆ వేడిలో సిగ్నల్ దగ్గర ఆగిన కారు బానెట్ కింద రబ్బరు త్వరగా ముసలిదవుతుంది. బ్యాలెన్సరు రింగు జారడం ఇక్కడ ఎక్కువగా అనుమానించాల్సిన జబ్బు. తేలికని, అందమని అల్యూమినియం హబ్బు కొనేవాళ్ళకు ఇంకో హెచ్చరిక. అల్యూమినియం ఉక్కు కన్నా రెట్టింపు వ్యాకోచిస్తుంది. 37 మిల్లీమీటర్ల ముక్కు మీద 100 డిగ్రీల వేడికి ఆ తేడా 0.04 మిల్లీమీటరు దాటుతుంది, అంటే ఎక్కించేటప్పుడు ఉన్న బిగుతు కన్నా ఎక్కువ. చల్లటి గ్యారేజీలో గట్టిగా కూర్చున్న హబ్బు ఎండలో వదులవుతుంది. ఈ చోట హబ్బు ఉక్కుదే కావాలి.

బూస్ట్ పడిపోయిన ప్రతిసారీ క్రాంకు పుల్లీనే తప్పు పట్టకూడదు. ఎడారి దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, కారుతున్న బైపాస్ వాల్వు కూడా అదే లక్షణం చూపిస్తాయి. అన్నిటికన్నా తరచుగా జారేది బెల్టే. బెల్టు పట్టు దాని చుట్టు మీద ఆధారపడుతుంది: పశువు పలుపును రాటకు ఒక చుట్టు చుట్టి పట్టుకుంటే చిన్న పిల్లవాడైనా ఎద్దును ఆపగలడు. చుట్టు పెరిగే కొద్దీ పట్టు కూడిక లెక్కన కాదు, గుణకారం లెక్కన పెరుగుతుందని 18వ శతాబ్దంలో లియొనార్డ్ ఆయిలర్ లెక్క కట్టి చూపాడు. గాడుల బెల్టుకు ఆ సూత్రం వర్తింపజేసి, గాడుల ఒరిపిడిని కలుపుకున్న రాపిడి గుణకం ఒకటి అనుకుంటే, పుల్లీని 120 డిగ్రీలు చుట్టినప్పుడు బిగుతు వైపు బలం వదులు వైపు బలానికి ఎనిమిది రెట్ల దాకా నిలుస్తుంది. 180 డిగ్రీలు చుట్టిస్తే 23 రెట్లు. ఒక ఐడ్లర్ పుల్లీని సరైన చోట చేర్చడం, ఆరు గాడుల బెల్టు స్థానంలో ఎనిమిదో పదో గాడులది వేయడం టెన్షనర్‌ను గుడ్డిగా బిగించడం కన్నా ఎంతో మేలు. బిగువు మరీ పెంచితే ఆ బలమంతా క్రాంకు ముక్కును పక్కకు లాగుతుంది, ముందు బేరింగు ఆ లాగుడు భరించాలి.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయిన మనవాళ్ళలో రెంచి పట్టి బతికేవాళ్ళు ఎందరో. వాళ్ళ చేతికి వచ్చే కార్ల విలువ వాళ్ళ ఏళ్ళ జీతం. అలాంటి కారు ముక్కులో డ్రిల్లు దించేవాడి చెయ్యి వణకకుండా ఉండాలంటే ధైర్యం ఒక్కటీ చాలదు, ఎందుకు చేస్తున్నాడో తెలియాలి. ఎమిరేట్స్‌లో అనుమతి లేకుండా ఇంజిన్ మార్పులు చేస్తే జరిమానా, బ్లాక్ పాయింట్లు, బండి జప్తు తప్పవు. కాబట్టి పని మొదలుపెట్టే ముందు యజమాని దగ్గర కాగితాలు ఉన్నాయా అని అడగడం కూడా పనిలో భాగమే.

సూపర్‌చార్జర్ పెట్టించుకోవాలని చూస్తున్నవాళ్ళు ఈ మాట గ్యారేజీలో గట్టిగా అడగండి: క్రాంకుకు పిన్ను ఎప్పుడు వేస్తారు? ‘జారితే చూద్దాం’ అని జవాబొస్తే ఇంకో గ్యారేజీ వెతుక్కోండి. కిట్టు బిగించడానికి రేడియేటర్ ఎలాగూ దించుతారు. అప్పుడే వేస్తే అది కొన్ని గంటల పని, రెండు పిన్నులు, ఒక కొత్త బోల్టు. జారాక వేస్తే క్రాంకుషాఫ్టు ఖర్చు. పని అయ్యాక తెల్ల గీత గీయించుకోండి, ఇంజిన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ టార్చి వేసి ఆ గీతనూ, కవరు మీది గుర్తునూ చూడమనండి.